వెంటిలేటర్ మీదున్నవాళ్లకి ట్యూబ్ ఫీడ్ పడుతోందా? సిరంజి, కన్ను, అల్ట్రాసౌండ్: ఏది ఎప్పుడు

ఐసీయూ రాత్రి డ్యూటీ చార్టుల్లో తరచూ కనిపించే రాత ఒకటుంది: "ఆర్‌టీ ఆస్పిరేట్ 220 మి.లీ. ఫీడ్ హోల్డ్." అంటే ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్ (ఆర్‌టీ) ద్వారా సిరంజితో లాగితే 220 మి.లీ. వచ్చింది, ఫీడ్ ఆపారు. ఎందుకు ఆపారంటే 200 దాటింది కాబట్టి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం అందులో ఉండదు. పొద్దున రౌండ్స్‌లో ఎవరైనా చూసి "స్టార్ట్ చేయండి" అనేదాకా ఫీడ్ ఆగే ఉంటుంది. ఆ తర్వాత సీటీ స్కాన్‌కి తీసుకెళ్తూ ఒకసారి, గొంతులో ఉన్న శ్వాస ట్యూబ్ తీసేద్దామనుకుని ఇంకోసారి ఆపుతారు. ఇలా వారం గడిస్తే కండ కరిగి, వెంటిలేటర్ నుంచి బయటపడటానికి కావాల్సిన బలమే తగ్గిపోతుంది.

ఫీడ్ పడుతోందో లేదో తెలుసుకోవడానికి ఇవాళ మూడు దారులున్నాయి. కొన్ని గంటలకోసారి రైల్స్ ట్యూబ్‌లోంచి సిరంజితో లాగి కడుపులో ఎంత మిగిలిందో కొలవడం ఒకటి. ఆ కొలత మానేసి వాంతి, పొట్ట ఉబ్బరం లాంటి లక్షణాలనే గమనించడం రెండోది. అల్ట్రాసౌండ్‌తో కడుపులోకి చూడటం మూడోది. ఐసీయూలో పనిచేసే సిస్టర్లు, రెసిడెంట్లు, చిన్న ఊళ్లలో నాలుగైదు పడకల ఐసీయూ నడుపుతూ సొంత ప్రోటోకాల్ రాసుకుందామనుకునేవాళ్లు ఈ మూడింట్లో ఏది పెట్టుకోవాలన్నదే ఇక్కడి విషయం. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను: అందరికీ కొలవక్కర్లేదు. కొలిచినా 200 దగ్గర ఆపక్కర్లేదు. పొట్ట మీద చెయ్యి వేసి చూడటం మాత్రం ఎవరి విషయంలోనూ మానకూడదు.

సిరంజి చూపించే అంకెను ఎంత నమ్మొచ్చు

ముందు ఆ 200 సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం, రెండు లీటర్లకు పైగా జఠరరసం ఊరతాయి. అంటే ఫీడ్ ఏమీ ఇవ్వకపోయినా గంటకి 120 మి.లీ. పైన కడుపులోంచి కిందికి వెళ్తూ ఉంటుంది. దానికి గంటకి 60 మి.లీ. ఫీడ్ కలిపితే 180 దాటుతుంది. కాబట్టి ఒక సమయంలో 200 మి.లీ. బయటికి రావడం కడుపు పనిచేయడం లేదనడానికి రుజువు కాదు. సరిగ్గా పనిచేసే కడుపులో కూడా ఆ మాత్రం ఉండొచ్చు. జబ్బు మనిషిలో ఊట తగ్గొచ్చు, కదలికలు మందగించొచ్చు. అయినా ఈ లెక్క గుర్తుంటే 200కి భయం తగ్గుతుంది.

రెండో చిక్కు కొలతలోనే ఉంది. 16 సైజు రైల్స్ ట్యూబ్‌లోంచి 50 మి.లీ. సిరంజితో మెల్లగా లాగితే వచ్చేది వేరు, సన్నటి మెత్తటి ఫీడింగ్ ట్యూబ్‌లోంచి గట్టిగా లాగితే వచ్చేది వేరు. సన్న ట్యూబ్ లోపల అతుక్కుపోయి ఏమీ రాదు. ట్యూబ్ కొన కడుపు పైభాగంలో గాలిలో ఉందా, కింద ద్రవంలో మునిగి ఉందా, పేషెంట్ వెల్లకిలా ఉన్నారా, కుడి పక్కకి తిరిగి ఉన్నారా అన్నదాన్ని బట్టీ మారుతుంది. మన ఆసుపత్రుల్లో దీనికి ఇంకోటి తోడవుతుంది. వంటగదిలో చేసిన చిక్కటి రాగి జావో, మిక్సీ పట్టిన కిచెన్ ఫీడో ట్యూబ్ రంధ్రాల్లో గడ్డకట్టి ఉంటే లాగినా రాదు. చార్టులో "ఆస్పిరేట్ నిల్" అని రాస్తారు, కడుపు మాత్రం నిండి ఉంటుంది. నిల్ అని చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకునే ముందు 20-30 మి.లీ. నీళ్లు పంపి, ట్యూబ్ తెరిచే ఉందో లేదో చూడాలి. ట్యూబ్ కొన ఎక్కడుందన్న అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే. సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వినే పద్ధతిని ట్యూబ్ స్థానానికి రుజువుగా తీసుకోకూడదు, ఊపిరితిత్తిలో ఉన్నా అలాంటి శబ్దం వినిపించగలదు.

ఇక అసలు ప్రశ్న: ఈ అంకె పెరిగితే ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి పోతుందా? 2005లో మెక్‌క్లేవ్ బృందం అమెరికాలో ఫీడ్‌లో రంగు సూక్ష్మ కణాలు కలిపి, అవి శ్వాసనాళంలో కనిపిస్తున్నాయా అని వెతికింది. ఆస్పిరేట్ అంకెకి, ఊపిరితిత్తుల్లోకి జారడానికి చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. తక్కువ అంకె ఉన్నవాళ్లలోనూ జారింది, ఎక్కువ ఉన్నవాళ్లలో జారనూ లేదు. 2010లో స్పెయిన్‌లో 28 ఐసీయూల్లో 329 మందితో రెగానే అనే ట్రయల్ జరిగింది. సగం మందికి 200 దాటితే ఆపారు, సగం మందికి 500 దాటితే ఆపారు. న్యుమోనియా రెండు వైపులా ఒకేలా వచ్చింది. 200 అనే హద్దుకి ఇక గట్టి ఆధారం లేదని నాకు అనిపించేది ఇక్కడే.

అలాగని సిరంజిని పారేయమనడం లేదు. దానిలో అంకె కంటే విలువైనది రంగు, వాసన. కాఫీ పొడి రంగులో వస్తే రక్తస్రావం, ముదురు ఆకుపచ్చ పసరు ఎక్కువగా వస్తే కింద అడ్డమో, పేగు పనిచేయకపోవడమో, ట్యూబ్ మరీ కిందికి జారడమో, మలం వాసన వస్తే పేగులో అడ్డంకి. 80 మి.లీ. వచ్చినా మలం వాసనుంటే సర్జన్‌ని పిలవాలి. 300 వచ్చినా అది ఇచ్చిన ఫీడే అయితే, పొట్ట మెత్తగా ఉంటే కంగారు అక్కర్లేదు. చార్టులో అంకె పక్కన రంగు రాయని యూనిట్ సగం సమాచారాన్ని సింక్‌లో పోస్తోందనే నేనంటాను.

లాగినదాన్ని తిరిగి ఇవ్వాలా, పారేయాలా అన్న వాదం ప్రతి యూనిట్‌లో ఉంటుంది. మామూలు ఫీడ్, పసరు లేని రసం అయితే తిరిగి ఇచ్చేయడమే మేలు. ఆమ్లం, పొటాషియం, ద్రవం అందులో ఉన్నాయి. రక్తం, మలం వాసన ఉన్నది, బాగా ఎక్కువగా వచ్చినది తిరిగి పోయకూడదు.

కొలవడం మానేస్తే ఏమవుతుంది

దీనికి జవాబు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. 2013లో రెన్యే బృందం ప్రచురించిన న్యూట్రిరియా-1 ట్రయల్‌లో 9 ఐసీయూల్లో వెంటిలేటర్ మీదున్న 449 మందిని రెండుగా విడదీశారు. ఒక వైపు ఆరు గంటలకోసారి కొలిచి 250 దాటితే, లేదా వాంతి అయితే ఫీడ్ పడలేదన్నారు. మరో వైపు అసలు కొలవలేదు, వాంతి అయినా ఫీడ్ నోట్లోకి ఎదురొచ్చినా మాత్రమే పడలేదన్నారు. వెంటిలేటర్ న్యుమోనియా కొలవనివాళ్లలో 16.7 శాతం, కొలిచినవాళ్లలో 15.8 శాతం, అంటే తేడా లేనట్టే. కొలవనివాళ్లకి అనుకున్న కేలరీలు మెరుగ్గా అందాయి. వాంతులు మాత్రం పెరిగాయి: 39.6 శాతం, అటు 27 శాతం.

ఈ ట్రయల్‌ని చూపించి "ఇక సిరంజి అక్కర్లేదు" అని తీర్పు ఇచ్చేవాళ్లు రెండు విషయాలు దాటేస్తారు. అందులో పాల్గొన్నవాళ్లు దాదాపు అందరూ మెడికల్ పేషెంట్లు. ఈ మధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లని తీసుకోలేదు. రెండోది, వాంతి అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెంటనే చూసి, తల పక్కకి తిప్పి, నోరు సక్షన్ చేయాలి. ఒక్కో సిస్టర్ చేతిలో ఒకరో ఇద్దరో ఉండే యూనిట్‌లో అది కుదురుతుంది. రాత్రి పూట నలుగురైదుగురిని ఒక్కరే చూసుకునే చోట అయితే వాంతి అయిన సంగతి దిండు తడిసిపోయాక తెలుస్తుంది. వాంతులు అంతగా పెరిగినా న్యుమోనియా పెరగలేదన్న ఫ్రెంచ్ ఫలితాన్ని అక్కడికి అలాగే మోసుకెళ్లడం నాకు ధైర్యంగా అనిపించదు.

పెద్ద సంఘాల మాట కూడా దాదాపు ఇదే దారిలో ఉంది. అమెరికాలో పోషణ వైద్యుల సంఘం ఆస్పెన్, ఐసీయూ వైద్యుల సంఘం ఎస్‌సీసీఎం 2016లో రొటీన్‌గా కొలవొద్దన్నాయి. కొలిచేవాళ్లు మాత్రం వేరే లక్షణాలేవీ లేకపోతే 500 లోపు ఆపొద్దన్నాయి. యూరప్ మార్గదర్శకాలు ఆరు గంటల్లో 500 మి.లీ. దాటితే ఫీడ్ వాయిదా వేయమన్నాయి. 2016 నాటి సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినడం) మార్గదర్శకాలు రొటీన్‌గా వద్దంటూనే, ఫీడ్ పడనివాళ్లకి, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి కొలవమన్నాయి. ఈ మూడో మాటే మన పరిస్థితికి బాగా అతుకుతుంది.

500 అంకెని పట్టుకునే ముందు

ఇక్కడ మన దగ్గర తరచూ పొరపాటు జరుగుతుంది. ఈ అధ్యయనాలన్నీ పంపు మీద గంటకి ఇన్ని మి.లీ. అని నిరంతరంగా ఫీడ్ వెళ్లే పద్ధతి చుట్టూ తిరిగినవి. మన ఐసీయూల్లో చాలా చోట్ల పంపు ఉండదు. రెండు గంటలకోసారి 150-200 మి.లీ. సిరంజితోనో, సిరంజి గొట్టాన్ని పైకెత్తి పట్టుకుని దానంతటది దిగేలానో పోస్తారు. ఈ బోలస్ పద్ధతిలో రెండు గంటల క్రితం పోసిన 200లో 190 తిరిగొస్తే, అది 500 కంటే చాలా తక్కువే అయినా కడుపు కదలడం లేదనే సూచన. ఆరు గంటలు ఆగి కొలిస్తే మూడు ఫీడ్లు పేరుకుని ఉంటాయి. కాబట్టి బోలస్ ఇచ్చే చోట 500 అనే అంకెని గోడకి అంటించి వదిలేయకూడదు.

నేనైతే బోలస్ ఫీడ్‌కి ఇలా పెట్టుకుంటాను. తర్వాతి ఫీడ్ ముందు లాగాలి. క్రితం సారి ఇచ్చినదానిలో సగం లోపు వస్తే తిరిగిచ్చేసి, మామూలుగా ఫీడ్ ఇవ్వాలి. సగం దాటితే ఒకసారికి ఆపకుండా పరిమాణం తగ్గించి, గంట సేపు డ్రిప్‌లా మెల్లగా దింపాలి. వరసగా రెండుసార్లు ఇచ్చినంతా తిరిగొస్తే, లేదా పొట్ట బిగిసి ఉంటే అప్పుడు ఆపి, డాక్టర్ చూడాలి. ఇది ట్రయల్ తేల్చిన హద్దు కాదు, పడక దగ్గర పనికొచ్చే లెక్క. వీలున్న చోట పంపు కొనడమే మంచి పరిష్కారం. అది లేకపోతే ఐవీ సెట్ లాంటి గ్రావిటీ ఫీడింగ్ బ్యాగ్‌తో చుక్కలు లెక్కపెట్టి దింపడం బోలస్ కంటే నయం. ఫీడింగ్ బ్యాగ్‌ని ఐవీ లైన్‌కి తగిలించే ప్రమాదం ఉంది కాబట్టి స్టాండ్ వేరుగా, లేబుల్ పెద్దగా ఉండాలి.

కన్ను, చెయ్యి

కొలత లేకపోయినా చూడాల్సినవి ఇవి: వాంతి, నోట్లోకి ఫీడ్ ఎదురు రావడం, పొట్ట ఉబ్బడం, బిగుసుకోవడం, మలం. మత్తులో ఉన్న పేషెంట్ నొప్పి అని చెప్పలేరు. అందుకే పొట్ట నొక్కినప్పుడు ముఖం చిట్లించడం, గుండె వేగం పెరగడం, వెంటిలేటర్ ప్రెషర్లు ఎక్కడం గమనించాలి. ప్రతి షిఫ్ట్‌లో ఒకే మనిషి, ఒకేలా పొట్ట తడిమితే మార్పు తొందరగా తెలుస్తుంది. టేపుతో నడుం చుట్టు కొలత తీసేవాళ్లుంటారు. స్కెచ్ పెన్నుతో గీత పెట్టి అదే చోట కొలవకపోతే దానికి అర్థం లేదు. పెట్టినా అది పెద్దగా నమ్మదగ్గ కొలత కాదు.

స్టెతస్కోప్ పెట్టి పేగు శబ్దాలు వినిపిస్తేనే ఫీడ్ మొదలుపెట్టాలన్న నియమం ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. వదిలేయొచ్చు. ఫెంటానిల్ లాంటి నొప్పి మందు నడుస్తున్నవాళ్లలో శబ్దాలు తగ్గడం మామూలే. పొట్ట మెత్తగా ఉండి, అడ్డంకి లక్షణాలేవీ లేకపోతే శబ్దాలు లేవని, గ్యాస్ పోలేదని ఆగక్కర్లేదు. ఇంకో పాత అలవాటు ఫీడ్‌లో నీలి రంగు కలిపి, గొంతు ట్యూబ్‌లోంచి నీలం వస్తుందా అని చూడటం. ఆ రంగు ఒంట్లోకి ఇంకి మరణాలు నమోదయ్యాయని అమెరికా ఎఫ్‌డీఏ 2003లో హెచ్చరించింది. ఎవరైనా ఇప్పుడు కలుపుతుంటే ఆపించాలి.

విరేచనాల గురించి ఒక్క మాట. రోజుకి మూడు, అంతకు మించి పలచటి విరేచనాలయితే ఫీడ్ మీద నెపం వేసి ఆపేస్తారు. ముందు సార్బిటాల్ ఉన్న సిరప్ మందులు, పొటాషియం ద్రవం, యాంటీబయాటిక్స్, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే పేగు బాక్టీరియా, మిక్సీ ఫీడ్ గంటల తరబడి బయట ఉండి పాడవడం లాంటివి వెతకాలి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

అల్ట్రాసౌండ్ ఎవరికి

కడుపు చివరి భాగమైన యాంట్రమ్‌ని అల్ట్రాసౌండ్‌లో చూసి, ఖాళీగా ఉందా, ద్రవం ఉందా, నిండిందా చెప్పొచ్చు. కర్విలీనియర్ ప్రోబ్‌ని రొమ్ము ఎముక కింద నిలువుగా పెడితే కాలేయం ఎడమ భాగానికి, బృహద్ధమనికి మధ్య అది దొరుకుతుంది. ఖాళీ కడుపు చిన్న గుండ్రటి చక్రంలా, గోడలు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తుంది. అంకె కావాలంటే కుడి పక్కకి తిప్పి, కడుపు ముడుచుకోని క్షణంలో వైశాల్యం కొలిచి సూత్రంలో వేయాలి: 27కి, 14.6 ఇంటూ వైశాల్యం కలిపి, అందులోంచి 1.28 ఇంటూ వయసు తీసేస్తే మి.లీ. వస్తుంది. వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో ఉండాలి.

సూత్రం చూడటానికి ఆకర్షణీయంగా ఉన్నా, అది ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకి పలచటి ద్రవం తాగించి తయారు చేసినది. ఫీడ్, గాలి, ముద్దలు కలిసిన ఐసీయూ కడుపుకి యథాతథంగా వర్తించదు. వెంటిలేటర్, సెంట్రల్ లైన్, డ్రెయిన్లతో ఉన్నవాళ్లని పూర్తిగా కుడి పక్కకి తిప్పడమూ ఒక పనే. పైగా చెయ్యి తిరగాలి. అనస్థీషియా వాళ్లు చేసిన ఒక అధ్యయనంలో 95 శాతం సరిగ్గా చెప్పగలగడానికి సగటున 33 స్కాన్లు చేయాల్సొచ్చింది. మన దేశంలో ఇంకో అడ్డు ఉంది. గర్భంలో లింగ నిర్ధారణని అడ్డుకునే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద మెషీన్‌ని రిజిస్టర్ చేయించాలి, ఎవరు వాడాలన్నదానికీ, ఎక్కడికి కదపాలన్నదానికీ షరతులున్నాయి. రాత్రి రెండు గంటలకి సిస్టర్ తనంతట తాను మెషీన్ తెచ్చి చూడటం ఇక్కడ కుదిరే పని కాదు.

అందుకే అల్ట్రాసౌండ్‌ని రొటీన్ చేయడం నాకు నచ్చదు. చిక్కుముడి పడ్డప్పుడు మాత్రం దానికి సాటి లేదు. ఆస్పిరేట్ నిల్ వస్తూ పొట్ట పైభాగం ఉబ్బుతుంటే, సన్న ట్యూబ్ వేసి ఉంటే, 450 వచ్చింది నిజమా కాదా అని అనుమానం ఉంటే, గొంతు ట్యూబ్ మార్చే ముందు కడుపు ఖాళీగా ఉందా అని తెలుసుకోవాలంటే ఐదు నిమిషాల స్కాన్ చాలా టెన్షన్ తగ్గిస్తుంది. అంకె లెక్కలు వేయకుండా "ఖాళీ, కొద్దిగా ఉంది, నిండింది" అని రాసినా సరిపోతుంది.

పొట్ట బిగుసుకుంటుంటే కొలవాల్సింది ఇంకోటి

తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), డెంగీ షాక్‌లో పొట్టలో నీరు చేరినవాళ్లు, కాలిన గాయాలకి లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కినవాళ్లు: వీళ్లలో ఆస్పిరేట్ కంటే పొట్ట లోపలి ఒత్తిడి ముఖ్యం. యూరిన్ కాథెటర్ ద్వారా మూత్రాశయంలోకి 25 మి.లీ. మించకుండా సెలైన్ పంపి, పేషెంట్‌ని చదునుగా పడుకోబెట్టి, చంక మధ్య గీత దగ్గర సున్నా పెట్టి, ఊపిరి వదిలిన చివర కొలుస్తారు. ఒత్తిడి చూపే ట్రాన్స్‌డ్యూసర్ లేకపోతే ట్యూబ్‌లో నీటి మట్టం సెంటీమీటర్లలో చూసి 1.36తో భాగిస్తే పాదరసం మిల్లీమీటర్లు వస్తాయి. 12, ఆపైన ఉంటే ఒత్తిడి పెరిగినట్టు. 20 దాటి, కొత్తగా కిడ్నీ లాంటి అవయవం దెబ్బతింటుంటే అది అత్యవసరం, ఫీడ్ ఆపాల్సిందే. మధ్యలో ఉన్నవాళ్లకి ఫీడ్ పెంచకుండా, అదే స్థాయిలో ఉంచి, ఒత్తిడి ఎటు పోతోందో చూడాలి.

షాక్‌లో ఉండి, బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ డోసు పెరుగుతున్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2018లో వచ్చిన న్యూట్రిరియా-2లో షాక్‌లో ఉన్న 2410 మందికి పూర్తి మోతాదు ఫీడ్ ట్యూబ్ ద్వారా ఇవ్వడాన్ని, రక్తనాళం ద్వారా ఇవ్వడాన్ని పోల్చారు. పేగుకి రక్తం అందక చచ్చుబడటం ట్యూబ్ వైపు 2 శాతం, అటు 1 శాతం కంటే తక్కువ. చిన్న అంకెలే, కానీ పేగు చచ్చుబడితే మనిషి దక్కడం కష్టం. షాక్ అదుపులోకి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత గంటకి 10-20 మి.లీ.తో మొదలుపెట్టడం మేలు. రక్తంలో లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు పెరిగేది) కారణం లేకుండా ఎక్కడం, పొట్ట హఠాత్తుగా ఉబ్బడం, ఆస్పిరేట్ ఒక్కసారిగా పెరగడం మూడూ కలిసి కనిపిస్తే ఎదురుచూడకూడదు.

పురుగుమందు కేసులు

రెండు తెలుగు రాష్ట్రాల ఐసీయూల్లో పనిచేసేవాళ్లకి ఈ వర్గం కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగి, వెంటిలేటర్ మీద, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ డ్రిప్ మీద రోజుల తరబడి ఉంటారు. అట్రోపిన్ కడుపు కదలికల్ని నెమ్మదింపజేస్తుంది. విషం ప్రభావం వైపు వెళ్తే విరేచనాలు, ఊట ఎక్కువ. అట్రోపిన్ ఎక్కువైతే పొట్ట శబ్దాలు పూర్తిగా పోయి, ఉబ్బి, ఆస్పిరేట్ పెరుగుతుంది, జ్వరం వస్తుంది. మామూలు పేషెంట్‌లో పేగు శబ్దాలకి విలువ లేదన్నాను కానీ, ఇక్కడ ఉంది. అవి పోయాయంటే ఫీడ్ ఆపడం కంటే ముందు అట్రోపిన్ డోసు చూడాలి. ఈ వర్గానికి కొలత మానేసే పద్ధతి నేను ఎంచుకోను. ఆరు గంటలకోసారి కొలుస్తూ, చిన్న మోతాదులో ఫీడ్ కొనసాగిస్తాను.

ఎవరికి ఏది

మెడికల్ పేషెంట్, పంపు ఉంది, ఒక సిస్టర్‌కి ఒకరో ఇద్దరో: కొలవడం మానేయొచ్చు, లక్షణాలు చూస్తే చాలు. ఆ సమయం నోటి శుభ్రతకి, తల వైపు పడక 30-45 డిగ్రీలు ఎత్తి ఉందో లేదో చూడటానికి, గొంతు ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ (కఫ్) ప్రెషర్ 20-30 సెం.మీ. నీటి మట్టంలో ఉంచడానికి వాడితే న్యుమోనియా ఆపడంలో ఎక్కువ లాభం.

ఒకే సిస్టర్‌కి నలుగురైదుగురు ఉన్న చోట మొదటి రెండు రోజులు ఆరు గంటలకోసారి కొలిచి, 500 హద్దు పెట్టుకోవడం నా సలహా. ఇది ఫీడ్ ఆపడానికి కాదు, కనిపించని వాంతికి ముందస్తు కబురు కోసం.

పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, ప్యాంక్రియాటైటిస్, ఎక్కువ డోసు షాక్ మందులు, అట్రోపిన్, తలకి తీవ్ర గాయం, ఏళ్ల తరబడి అదుపులేని షుగరుతో కడుపు మందగించినవాళ్లు, కడుపు, గుండె లాంటివాటిని నడిపే స్వయంచాలక నరాలు కూడా దెబ్బతిన్న గిలియన్ బారే (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ చచ్చుబడే జబ్బు) పేషెంట్లు: వీళ్లకి కొలవాలి. ఆపరేషన్ అయినవాళ్లలో హద్దు ఎంతన్నది సర్జన్‌తో కలిసి నిర్ణయించుకోవాలి, కుట్లు ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు. బోర్లా పడుకోబెట్టినవాళ్లకి కూడా ఫీడ్ ఇవ్వొచ్చు, పడక మొత్తాన్ని తల వైపు కాస్త ఎత్తి. ట్యూబ్ కొన చిన్నపేగులో ఉన్నవాళ్లకి ఆ ట్యూబ్‌లోంచి లాగి కొలవడంలో అర్థం లేదు.

హద్దు దాటితే

ఆపడం చివరి మెట్టు. ముందు పడక కోణం, ట్యూబ్ కొన, మలబద్ధకం, పొటాషియం, మెగ్నీషియం, షుగర్, ఓపియాయిడ్ డోసు చూడాలి. వేగం సగానికి తగ్గించి, ఆరు గంటలకి మళ్లీ చూడాలి. అప్పటికీ పడకపోతే కడుపు కదలికలు పెంచే ప్రోకైనెటిక్ మందు. యూరప్ వాళ్లు నరం ద్వారా ఎరిత్రోమైసిన్‌ని మొదట పెడతారు, కానీ ఆ ఇంజెక్షన్ మన ఫార్మసీలన్నింట్లో ఉండదు. మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. రోజుకి రెండుమూడు సార్లు ఇవ్వొచ్చు. ఫిట్స్ ఉన్నవాళ్లకి వద్దు, కిడ్నీ దెబ్బతింటే డోసు తగ్గించాలి. ఎరిత్రోమైసిన్‌తో గుండె లయ తప్పొచ్చు కాబట్టి ఈసీజీలో క్యూటీ నిడివి చూడాలి, అజిత్రోమైసిన్, ఆండన్‌సెట్రాన్ అప్పటికే నడుస్తుంటే మరీ జాగ్రత్త. రెండింటి పనితనమూ 72 గంటలు దాటాక బాగా పడిపోతుంది, కాబట్టి మూడు రోజులు దాటి లాగకూడదు. అప్పటికీ కుదరకపోతే చిన్నపేగులోకి ట్యూబ్ వేయాలి. అదీ కుదరకపోతే నరం ద్వారా పోషణ.

ఆర్డర్ రాసేటప్పుడు "ఫీడ్ హోల్డ్" అని ఒంటరిగా రాయనివ్వొద్దు. ఎందుకు, ఎన్ని గంటలకి మళ్లీ చూడాలి, ఏం కనిపిస్తే మొదలుపెట్టాలి అన్న మూడూ ఉండాలి. రోజు చివర ఇవ్వాల్సింది ఎంత, వెళ్లింది ఎంత అన్న రెండు అంకెలు రాస్తే ఫీడ్ ఎక్కడ పోతోందో తెలుస్తుంది. చాలా యూనిట్లలో కడుపు మొరాయించడం వల్ల కంటే స్కాన్లు, ప్రొసీజర్లు, మర్చిపోవడం వల్ల పోయేదే ఎక్కువని తేలుతుంది.

బంధువుల వైపు నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "ఏం పెడుతున్నారమ్మా, ఇంటి నుంచి జావ తేవచ్చా?" తెచ్చింది పోయకుండా ఉండటమే మంచిది. చిక్కదనం, శుభ్రత, కేలరీలు ఏవీ లెక్కకి అందవు. కానీ ఆ ఆత్రుతకి పని చెప్పొచ్చు. "ఇవాళ ఎంత వెళ్లాలి, ఎంత వెళ్లింది?" అని వాళ్లు అడగడం నేర్చుకుంటే, సిస్టర్ అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉండాల్సొస్తుంది.

కొలత ఎప్పుడు మానేయాలో కూడా ప్రోటోకాల్‌లో ఉండాలి. అనుకున్న పూర్తి మోతాదు ఫీడ్ 48 గంటలు ఏ ఇబ్బందీ లేకుండా వెళ్తే సిరంజి పక్కన పెట్టేయండి. పొట్ట మారినా, వాంతి అయినా, షాక్ మందులు మళ్లీ మొదలైనా, మత్తు డోసు పెరిగినా, బోర్లా తిప్పినా తిరిగి మొదలుపెట్టండి.